ఎత్తైన కొండల్లో సైకిల్ తొక్కిన సాయంత్రం ఏం తినాలి: లద్దాఖ్ దారికి సంబంధించి తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర బైక్ అనగానే మోటారు సైకిలే గుర్తుకు వస్తుంది కనుక, ఇక్కడి ప్రశ్నలన్నీ కాళ్లతో తొక్కే సైకిల్ గురించినవని ముందే చెప్పాలి. మనాలి నుంచి లేహ్ వరకు సాగే కొండదారి మీద, లేహ్ చుట్టుపక్కల మట్టిబాటల మీద రోజుకు ఆరేడు గంటలు తొక్కే తెలుగువారిని దృష్టిలో పెట్టుకొని ఈ సమాధానాలు రాశాను. సైకిలును సిద్ధం చేసుకోవడానికి నెలల తరబడి శ్రమించేవారు కూడా సాయంత్రపు భోజనాన్ని దారిపక్క గుడారపు హోటల్లో ఏది దొరికితే దానికే వదిలేస్తారు. కనుమ దగ్గర కాళ్లు ఆగిపోవడానికి కారణం ముందురోజు సగంలో వదిలేసిన పళ్లెమేనని తెలిసేసరికి, ప్రయాణంలో సగం రోజులు గడిచిపోయి ఉంటాయి.

కొండ మీద భోజనం గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరం ఏమిటి? అనంతగిరి కొండల్లో తొక్కి వచ్చాక తినేదే ఇక్కడా తింటే చాలదా?

చాలదు. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే ఉంటుంది. 5,359 మీటర్ల ఖార్దుంగ్‌లా కనుమ పైకి వెళ్లేసరికి అది సగానికి కాస్త ఎక్కువగా మిగులుతుంది. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అదే లెక్కన తగ్గుతుంది. మొదటి కొన్ని రోజులు శరీరం విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా మామూలుకంటే ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. ఊపిరి వేగంగా, లోతుగా తీసుకోవడం వల్ల ఆ పొడి చలిగాలిలోకి తెలియకుండానే తేమ పోతూ ఉంటుంది, మూత్రం కూడా ఎక్కువగా వస్తుంది. ఖర్చు ఇంతగా పెరిగిన ఆ రోజుల్లోనే ఆకలి మందగిస్తుంది. అనంతగిరిలో తొక్కినవారికి ఆకలి దానంతట అదే వచ్చి లోటు పూడుస్తుంది. లద్దాఖ్‌లో ఆకలి ఆ పని చేయదు కనుక దాని స్థానంలో ముందుగా వేసుకున్న లెక్క ఉండాలి.

మరొక కారణం కూడా ఉంది. ఒక లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థాన్ని మండిస్తే శరీరానికి సుమారు 5 కిలోకేలరీలు అందుతాయి, అదే ఆక్సిజన్‌తో కొవ్వును మండిస్తే సుమారు 4.7 మాత్రమే. మైదానంలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోనక్కరలేదు. ఆక్సిజనే కరువైన చోట మాత్రం అన్నం, అటుకులు, బార్లీ, బెల్లం వంటివాటికి నెయ్యి, నూనెలకంటే ముందు స్థానం ఇవ్వడం న్యాయం.

సైకిల్ దిగిన వెంటనే మొదట చేయవలసిన పని ఏమిటి?

తడి బట్టలు మార్చుకోవాలి. తిండి గురించిన పుటలో ఈ మాట ఎందుకని అనిపించవచ్చు. కనుమ మీద నుంచి దిగేటప్పుడు చెమటతో తడిసిన చొక్కాకు చలిగాలి తగిలి వణుకు మొదలైతే, ఆ వణుకుకు కావలసిన శక్తి కూడా అప్పటికే ఖాళీ అయిన కండరాల నిల్వల నుంచే పోతుంది. పొడి బట్టలు, టోపీ, ఆ తరువాత చేతిలో వేడి కప్పు అనే వరుస తప్పకూడదు.

తొలి నాలుగు గంటల్లో ఎంత తినాలి? ఒక ఉదాహరణతో చెప్పగలరా?

మర్నాడు మళ్లీ తొక్కవలసి ఉంటే, తొలి నాలుగు గంటల్లో గంటకు శరీర బరువులో ప్రతి కిలోకు సుమారు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం తీసుకోవాలని క్రీడా పోషణ శాస్త్రం చెబుతుంది. కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో ఉండే నిల్వ ఆ గంటల్లోనే అన్నిటికంటే వేగంగా తిరిగి నిండుతుంది.

మనాలి–లేహ్ దారిలో సర్చు మజిలీ నుంచి పాంగ్ మజిలీ వరకు సాగే రోజునే తీసుకుందాం. సుమారు 80 కిలోమీటర్ల ఆ దారిలో గాటా లూప్స్‌లోని 21 మలుపులు ఎక్కి, 4,739 మీటర్ల నకీలా కనుమ దాటి, విస్కీ నాలా అనే వాగు లోయలోకి దిగి, సంపాదించిన ఎత్తంతా పోగొట్టుకున్నామే అనుకుంటూ మళ్లీ 5,059 మీటర్ల లాచుంగ్‌లా ఎక్కి, చివరకు ఎర్రమట్టి లోయలో గుడారాలు వరుసగా కనబడే పాంగ్‌కు చేరాలి. 65 కిలోల మనిషికి ఆ సాయంత్రం సుమారు 260 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒకేసారి తినాలంటే ఆ ఎత్తులో అది ఎవరి వల్లా కాదు, కనుక విడదీయాలి.

చేరగానే రెండు మూడు చెంచాల చక్కెర వేసిన పాల టీ, గుప్పెడు ఎండు ఆప్రికాట్లు తీసుకుంటే సుమారు 40 గ్రాములు వస్తాయి. అరగంట తరువాత, వెంట తెచ్చుకున్న పేలపిండినో, అక్కడ దొరికే ట్సాంపా అనే వేయించిన బార్లీ పిండినో 60 గ్రాములు తీసుకొని, 20 గ్రాముల బెల్లంతో వేడి పాలలో కలుపుకుంటే మరో 70 గ్రాములు వస్తాయి. ఇంకో గంట గడిచాక ఒక గిన్నె థుక్పా, అంటే నూడుల్స్ వేసిన పులుసు, తాగితే 50 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. ఏడు గంటలకల్లా 300 గ్రాముల వండిన అన్నం పప్పుతో తింటే మిగిలిన వంద గ్రాములూ అందుతాయి. కాగితం మీద చూస్తే ఇది పెద్ద విందులా కనిపిస్తుంది. నాలుగు భాగాలుగా, ప్రతిదీ గిన్నెలో వేడిగా వచ్చేలా చూసుకుంటే అలసిన కడుపు కూడా దీనిని అంగీకరిస్తుంది.

నాకు అక్కడ అన్నం చూస్తేనే వెగటు పుడుతుంది. బలవంతంగా తినాలా?

ఈ పుట రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. ఎత్తుకు చేరిన మొదటి రోజుల్లో ఆకలిని పెంచే, తగ్గించే హార్మోన్ల పనితీరు మారుతుంది. అది మనోబలానికి సంబంధించిన విషయం కాదు, తిననివాడు మొండివాడూ కాడు. మా ప్రయాణంలో ఒక సోదరుడు సర్చులో రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపేశాడు. అలసటేలే, పడుకుంటే తగ్గుతుందని మేమందరం ఊరుకున్నాము. మర్నాడు గాటా లూప్స్ సగం ఎక్కేసరికి అతడు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. అతనికి పళ్లెం పెట్టి వదిలేయకుండా ఒక గిన్నెలో పలుచని జావ ఇచ్చి ఉండవలసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బలవంతంగా మింగడం వల్ల వాంతి అయితే తిన్నదీ, తాగినదీ రెండూ పోతాయి. దానికి బదులు తిండి రూపాన్ని మార్చాలి. ముద్దగా తినలేనిది పలుచగా తాగవచ్చు: రాగి జావ, పెసరకట్టు, థుక్పా నీరు, తీపి పాలు. నూనె వాసన వెగటు పుట్టిస్తే వంటగుడారానికి దూరంగా కూర్చోవాలి. నాలుకకు రుచి తెలియనప్పుడు కాస్త పులుపు, ఉప్పు సాయపడతాయి. వేడి చారులో కలిపిన మెత్తని అన్నం తినగలిగినవారు అదే గుడారంలో పరాఠా ముట్టలేకపోవడం నేను పలుమార్లు చూశాను. అరగంటకొకసారి నాలుగు చెంచాలు చొప్పున తిన్నా రాత్రి పడుకునేలోపు చెప్పుకోదగినంత లోపలికి పోతుంది. ఏది పోషకాహారంగా ఉత్తమం అనే ప్రశ్న తరువాతిది. ఆ సాయంత్రానికి లోపలికి పోయేదే ఉత్తమం.

ఆకలి లేకపోవడం పర్వత అనారోగ్యానికి, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బుకు, సూచన కావచ్చా?

కావచ్చు. ఈ ఒక్క సమాధానాన్ని మాత్రం బృందంలో ప్రతి ఒక్కరూ చదవాలని కోరుతున్నాను. ఆకలి మందగించడం ఒక్కటే ఉంటే అది మామూలే. దానికి తలనొప్పి తోడై, వికారం, తల తిరగడం, మామూలు అలసటకు మించిన నీరసం కూడా ఉంటే దానిని పర్వత అనారోగ్యంగానే భావించాలి, వేరే కారణం తేలేవరకూ అలాగే చూసుకోవాలి. అప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే, ముదిరితే, కిందికి దిగాలి.

కదలకుండా కూర్చున్నా ఆయాసం రావడం, ఆగని దగ్గు, నురగతో లేదా గులాబీ రంగుతో కళ్లె పడటం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదనడానికి గుర్తులు. తూలుతూ నడవడం, ఒక గీత మీద మడమకు కాలి వేలు ఆనించి తిన్నగా నడవలేకపోవడం, మాట తడబడటం, అయోమయం మెదడు వాస్తున్నదనడానికి గుర్తులు. ఈ స్థితిలో ఏ సూపూ, ఏ గ్లూకోజూ వైద్యం కాదు. రాత్రయినా సరే వెంటనే కిందికి దించాలి, ఆక్సిజన్, వైద్య సహాయం అందేలా చూడాలి. ముందు కాస్త తిననీ, తరువాత చూద్దాం అని గంటలు గడపడం ప్రాణాంతకం.

నీళ్లు ఎన్ని తాగాలి? రోజుకు ఆరు లీటర్లు తాగమని కొందరు చెబుతున్నారు.

అంకె పెట్టుకొని తాగడం మంచిది కాదు. ఎక్కువ నీళ్లు తాగితే ఎత్తు ప్రభావం తగులదనే నమ్మకానికి ఆధారం లేదు. ఉప్పు లేని నీటిని అతిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి తలనొప్పి, వికారం వస్తాయి, ముదిరితే అది కూడా ప్రమాదమే. ఆ లక్షణాలు పర్వత అనారోగ్యంలాగే ఉండటం వల్ల గుర్తించడం మరింత కష్టం.

మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్లే. లేహ్‌లో ఉండి చుట్టుపక్కల తొక్కే రోజుల్లో బరువు చూసుకునే వీలుంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది: తొక్కడానికి ముందు, తరువాత ఉన్న బరువుల తేడాలో ప్రతి కిలోకు ఒకటిన్నర లీటర్ల వరకు, కొన్ని గంటల వ్యవధిలో, ఉప్పు ఉన్న ఆహారంతో పాటు తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ వాడితే దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. అది లేనప్పుడు ఒక లీటరు నీటిలో ఆరు సమపాటి టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలుపుకోవచ్చు. వాగు నీటిని కాచి తాగేవారు, 2,000 మీటర్లకు పైన నీరు మరుగుతూ కనీసం మూడు నిమిషాలు ఉండేలా చూసుకోవాలి.

ప్రొటీన్ సంగతేమిటి? దారిలో పొడి డబ్బా మోయాలా?

మోయనక్కరలేదు, ఇష్టమైతే మోయవచ్చు. తొక్కిన తరువాత 20 నుంచి 25 గ్రాముల ప్రొటీన్, రోజు మొత్తం మీద శరీర బరువులో కిలోకు ఒకటిన్నర గ్రాముల వరకు అందితే కండరాల మరమ్మతుకు సరిపోతుంది. గుడ్డుకు సుమారు 6 గ్రాములు వస్తుంది. దారి పొడవునా గుడారాల్లో ఆమ్లెట్ దొరుకుతుంది. గుడ్లు తిననివారికి పాలపొడి, పప్పు, వేయించిన సెనగలు, పల్లీలు ఉన్నాయి: 50 గ్రాముల వేయించిన సెనగల్లో దాదాపు 10 గ్రాములు, పాలపొడిలో సుమారు నాలుగో వంతు ప్రొటీన్ ఉంటుంది. టీలోనూ, జావలోనూ రెండేసి చెంచాల పాలపొడి అదనంగా వేసుకోవడం నాకు తెలిసిన అతి సులభమైన ఉపాయం.

అయితే ఒక హెచ్చరిక అవసరం. మైదానంలో వ్యాయామశాలకు వెళ్లే అలవాటున్నవారు మొదట ప్రొటీన్ షేక్ తాగి, దానితో కడుపు నిండి, అన్నం మానేస్తారు. కొండ మీద ఆ క్రమం తలకిందులు కావాలి. పిండిపదార్థం చాలినంత లేనప్పుడు శరీరం ఆ ప్రొటీన్‌ను కూడా ఇంధనంగానే కాల్చేస్తుంది.

లద్దాఖీ వంటల్లో సైక్లిస్టుకు పనికివచ్చేవి ఏవి?

దాదాపు అన్నీ పనికివస్తాయి. ఆ ఎత్తులో తరతరాలుగా పొలం దున్ని, గొర్రెలు కాచి బతికినవారి వంట అది.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది వేయించిన బార్లీ పిండి. దీనిని టిబెటన్లు ట్సాంపా అంటారు, లద్దాఖీలు ఙంఫే అంటారు. గింజను ముందే వేయించి పిండి పట్టడం వల్ల దానికి మళ్లీ వంట అక్కరలేదు. వేడి టీ పోసి వేళ్లతో ముద్ద చేసుకుంటే చాలు, ఆ ముద్దను ఖోలక్ అంటారు. ఇందులో దాదాపు 70 శాతం పిండిపదార్థం, పదో వంతు ప్రొటీన్ ఉంటాయి. తొలి ఏకాదశి నాడు జొన్నపేలాలను దంచి బెల్లంతో కలిపి తినే తెలుగువారికి ఈ పిండి పరాయిదిగా అనిపించదు. గింజ వేరు, ఎత్తు వేరు, కానీ వేడి ఇసుకలోనో పెనంలోనో గింజను ముందే పక్వం చేసి, ప్రయాణంలో నిప్పు లేకుండా తినే తెలివి ఒక్కటే. నేను మొదటిసారి ఖోలక్ తిన్నప్పుడు నాలుకకు తగిలింది మా అమ్మమ్మ చేసిన పేలపిండి రుచే.

స్క్యూ మరొక మంచి వంట. గోధుమపిండి ముద్దను బొటనవేలితో నొక్కి చిన్న చిప్పలుగా చేసి, ముల్లంగి, బంగాళాదుంప, ఆకుకూరలతో పులుసులా ఉడికిస్తారు. పిండిపదార్థం, ఉప్పు, నీరు మూడూ ఒకే గిన్నెలో వస్తాయి కనుక దిగిన సాయంత్రానికి ఇంతకంటే అమరిన భోజనం అరుదు. థుక్పా కూడా ఇదే కోవకు చెందినది, దాదాపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. బార్లీ, బఠాణీ పిండితో చేసే పాబా మన సంగటిలా ముద్దగా ఉంటుంది. దానిని ఆకుకూర కలిపిన పెరుగుతో, అంటే తంగ్‌థుర్‌తో, నంజుకుంటారు. రాగిసంగటి అలవాటున్న రాయలసీమవారు దీనిని మొదటి ముద్దలోనే ఇష్టపడతారని నా నమ్మకం. ఖంబీర్ అనే మందపాటి గోధుమ రొట్టె మర్నాటికి కూడా పాడవదు, జేబులో పెట్టుకొని పోవచ్చు.

చూలీ అని పిలిచే ఆప్రికాట్లను ఎండబెట్టి లేహ్ బజారులో అమ్ముతారు. వాటి బరువులో సగానికి పైగా చక్కెర, పిండిపదార్థాలే. పైగా పొటాషియం కూడా ఉంటుంది. సీబక్‌థార్న్ పండ్ల రసం బాగా పుల్లగా ఉంటుంది, విటమిన్ సి దండిగా ఉంటుంది. నీళ్లు, చక్కెర కలిపి భోజనంతో పాటు తాగితే పప్పు, ఆకుకూరల్లోని ఇనుము మరింతగా ఒంటపడుతుంది. వెన్న, ఉప్పు వేసి చిలికే గుర్‌గుర్ చాయ్ ఒంటికి వెచ్చదనం, ఉప్పు ఇస్తుంది. కానీ అందులో పిండిపదార్థం లేదు కనుక అది ఒక్కటే తాగి భోజనమైపోయిందనుకోకూడదు, ఙంఫే కలుపుకొని తినాలి.

ఇంటి నుంచి ఏవి తీసుకువెళ్లాలి?

వేడినీళ్లతోనే సిద్ధమయ్యేవి, బరువుకు తగిన బలం ఇచ్చేవి ఎంచుకోవాలి. అటుకులు అన్నిటికంటే నమ్మకమైనవి; గోరువెచ్చని నీటిలో నానితే చాలు, పైన కందిపొడో, పల్లీలపొడో చల్లుకొని తినవచ్చు. పేలపిండి, తెలంగాణలో బతుకమ్మ నాళ్లలో చేసుకునే సత్తుపిండి, వేయించిన రవ్వ, రాగిపిండి, చారుపొడి తేలికగా సర్దుకోవచ్చు. సున్నుండల్లో మినుముల ప్రొటీన్, బెల్లం, నెయ్యి కలిసి ఉంటాయి. అవి దిగిన వెంటనే కంటే రాత్రి పడుకోబోయే ముందు బాగుంటాయి. పల్లీపట్టీలు చలికి గట్టిపడి పళ్లకు పరీక్ష పెడతాయి, కాబట్టి వాటిని లోపలి జేబులో ఉంచుకోవాలి. ఆవకాయ చిన్న సీసా వెంట తీసుకువెళ్లడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. వెగటు పుట్టిన నోటికి అది అన్నం ఎక్కిస్తుంది, ఉప్పూ అందుతుంది. కడుపులో మంట ఉన్నవారు మాత్రం దూరంగా ఉండాలి.

అక్కడ అన్నం, పప్పు ఎందుకు సరిగా ఉడకవు? రాజ్మా తినవచ్చా?

ఎత్తు పెరిగేకొద్దీ, ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున, నీరు మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. లేహ్‌లో నీరు సుమారు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, 4,600 మీటర్ల పాంగ్‌లో సుమారు 85 డిగ్రీల దగ్గర. మంట ఎంత పెంచినా, మూత లేని గిన్నెలో నీరు అంతకు మించి వేడెక్కదు. అందుకే అన్నం పలుకుగా మిగులుతుంది, కందిపప్పు గంటసేపు కాచినా మెదగదు. ప్రెషర్ కుక్కర్ లోపల మాత్రం పాంగ్‌లో కూడా ఉష్ణోగ్రత 110 డిగ్రీలు దాటుతుంది. మైదానంలోకంటే కొన్ని కూతలు ఎక్కువ రానిస్తే సరిపోతుంది. కుక్కర్ లేనివారు కందిపప్పు వదిలి పెసరపప్పు తీసుకోవాలి, దానిని ముందే నానబెట్టుకోవాలి.

రాజ్మా విషయం రుచికి మించినది. సరిగా ఉడకని రాజ్మాలో మిగిలే ఒక రకం ప్రొటీన్ కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. దానిని నిర్వీర్యం చేయడానికి 100 డిగ్రీల వేడి కనీసం పది నిమిషాలు తగలాలి. ఆ ఎత్తులో మూత లేని గిన్నె ఆ వేడికి ఎన్నటికీ చేరదు. రాజ్మా చావల్ ఆ దారిలో అందరూ మెచ్చే భోజనమే, గుడారాలవారు సాధారణంగా కుక్కర్‌లోనే వండుతారు. అయినా జూలే అని పలకరించి, కుక్కర్‌లో వండారా అని ఒక్క మాట అడగడంలో తప్పు లేదు; గింజ వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా మెదగాలి, లోపల గట్టిగా తగిలితే తినకూడదు. కోడిగుడ్డుకు 85 డిగ్రీలు చాలు, కాకపోతే ఉడకడానికి ఇంకొన్ని నిమిషాలు పడుతుంది.

మ్యాగీ ఒక్కటే తింటే సరిపోతుందా?

ఆకలి చంపుకోవడానికి, తొలి గంటలో వేడిగా, ఉప్పగా ఏదో ఒకటి కడుపులో పడటానికి అది మంచిదే. ఒక ప్యాకెట్ నుంచి సుమారు 300 కిలోకేలరీలు వస్తాయి కనుక అది ఆ సాయంత్రపు భోజనంలో ఒక చిన్న భాగం మాత్రమే. అందులో రెండు గుడ్లు కొట్టించుకొని, తరువాత అన్నం కూడా తినాలి.

కడుపు ఉబ్బరం ఎక్కువగా ఉంటోంది. తిన్నది పడటం లేదా?

బయటి గాలి పీడనం తగ్గితే పేగుల్లోని వాయువు వ్యాకోచిస్తుంది, అందువల్ల ఉబ్బరం, వాయువు పోవడం ఎత్తులో అందరికీ ఎక్కువే. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. రాజ్మా, సెనగలు, క్యాబేజీ, సోడా కలిపిన పానీయాలు తగ్గించి, వాము వేసిన వేడినీరో, జీలకర్ర చారో తీసుకుంటే చాలామందికి ఉపశమనంగా ఉంటుంది.

వెల్లుల్లి సూప్ తాగితే, కర్పూరం వాసన చూస్తే ఎత్తు ప్రభావం తగ్గుతుందా?

వెల్లుల్లి సూప్ వేడిగా, ఉప్పగా ఉండే మంచి ద్రవాహారం, ఇష్టంగా తాగవచ్చు. అది పర్వత అనారోగ్యాన్ని ఆపుతుందని నమ్మి ఎత్తు పెంచకూడదు. కర్పూరం వాసన వల్ల ముక్కు తెరుచుకున్నట్లు అనిపిస్తుంది తప్ప రక్తంలో ఆక్సిజన్ పెరగదు. దానిని పొరపాటున కూడా నోట్లో వేసుకోకూడదు, కడుపులోకి పోతే అది విషం. నిజంగా పనిచేసేది నెమ్మదిగా ఎక్కడం. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగడం పాటించాలి. మనాలి–లేహ్ దారిలో గుడారాలు ఉన్న చోట్లను బట్టి ఈ లెక్క ఎప్పుడూ కుదరదు. అందుకే దారిలో ముందుగా వచ్చే జిస్పా వంటి ఊళ్లో అదనంగా ఒక రోజు ఆగమని కొత్తవారికి చెబుతాను.

ఎత్తుకు అలవాటు పడటానికి వాడే డైమాక్స్ మాత్ర వేసుకునేవారు వైద్యుని సలహాతోనే వేసుకోవాలి. ఆ మందు వల్ల మూత్రం ఎక్కువగా వస్తుంది, వేళ్లు చిమచిమలాడతాయి, సోడా పానీయాల రుచి చప్పగా మారుతుంది. కాబట్టి దాహం తీర్చుకోవడానికి వాటి మీద ఆధారపడకూడదు.

టీ తాగితే నీరు పోతుందంటారు కదా?

అలవాటున్నవారికి రెండు మూడు కప్పుల టీ వల్ల శరీరంలో నీటి లోటు ఏర్పడదు, ఆ కప్పు కూడా తాగిన ద్రవంలో లెక్కే. భోజనంతో పాటు తాగితే ఇనుము ఒంటపట్టకుండా అడ్డుపడుతుంది కాబట్టి భోజనానికి గంట ఎడం ఉంచడం మేలు.

సాయంత్రం చాంగ్ (అక్కడ బార్లీతో చేసే మద్యం) గానీ, బీరు గానీ తీసుకోవచ్చా?

కొత్త ఎత్తుకు చేరిన మొదటి రెండు రోజులు అసలు వద్దు. మద్యం నిద్రలో శ్వాసను మందగింపజేస్తుంది, అసలే తక్కువగా ఉన్న ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. పైగా మర్నాడు ఉదయం వచ్చిన తలనొప్పి దేనివల్లనో తేల్చుకోవడం కష్టమవుతుంది. మర్నాడు తొక్కవలసిన రాత్రుల్లో ఆ తరువాత కూడా వద్దనే నా అభిప్రాయం.

రాత్రి భోజనం ఎప్పుడు, ఎంత బరువుగా ఉండాలి?

పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు ముగించాలి. ఎత్తులో నిద్రపోతున్నప్పుడు శ్వాస కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ ఉప్పెనలా రావడం చాలామందికి జరుగుతుంది, దానివల్ల మధ్యలో మెలకువ వస్తుంది. నిండా తిన్న కడుపుతో వెల్లకిలా పడుకుంటే ఆ ఇబ్బంది మరింత పెరిగినట్లు తోస్తుంది. సాయంత్రం నుంచి భాగాలుగా తిన్నవారికి రాత్రి భోజనం తేలికగానే ఉంటుంది. తలగడ పక్కన రెండు ఖర్జూరాలో, ఒక సున్నుండో ఉంచుకుంటే, అర్ధరాత్రి చలికి మెలకువ వచ్చినప్పుడు అవి ఎంత ఉపకారం చేస్తాయో అనుభవించినవారికే తెలుస్తుంది.

మహిళా సైక్లిస్టులు ప్రత్యేకంగా గమనించవలసినది ఏమైనా ఉందా?

ఇనుము. ఎత్తులో ఎర్ర రక్తకణాల తయారీని పెంచమని శరీరం ఎముక మూలుగకు సంకేతం పంపుతుంది, దానికి ఇనుము కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ప్రయాణానికి కనీసం ఆరు వారాల ముందే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (శరీరంలో ఇనుము నిల్వను తెలిపేది) పరీక్షలు చేయించుకొని, లోటు ఉంటే వైద్యుని సలహాతో మాత్రలు మొదలుపెట్టాలి. లేహ్ చేరాక ఆకుకూర తింటే పూడే లోటు కాదది. ఆ దారిలో దొరికే పప్పు, ఆకుకూరల మీద నిమ్మరసం పిండుకోవడం అదనపు సాయం. పరీక్షలో లోటు లేనివారు, పురుషులైనా స్త్రీలైనా, ముందుజాగ్రత్త పేరుతో ఇనుము మాత్రలు మింగకూడదు.

మధుమేహం ఉన్నవారు ఈ పద్ధతులు పాటించవచ్చా?

ఇక్కడ చెప్పిన చక్కెర, పిండిపదార్థాల లెక్కలు వారికి నేరుగా వర్తించవు. తమ వైద్యునితో ముందుగా మాట్లాడి మందుల మోతాదు, తిండి వేళలు నిర్ణయించుకోవాలి. చలికి, ఎత్తుకు గ్లూకోమీటరు తప్పు అంకెలు చూపవచ్చు, ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు; రెండింటినీ ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో ఉంచుకోవాలి.

విశ్రాంతి రోజున కూడా ఇంత తినాలా?

గంటల లెక్క అవసరం లేదు, తిండి మాత్రం తగ్గించకూడదు. ముందు రోజుల్లో పేరుకున్న లోటు పూడేది ఆ రోజునే. లేహ్‌లో గానీ, కీలాంగ్‌లో గానీ ఆగినప్పుడు పెరుగన్నం, తాజా కూరలు, పండ్లు దొరుకుతాయి. దారిలో దొరకనివన్నీ ఆ రోజు తినాలి. వేపుడు, పరాఠా, నెయ్యి వంటివి తినాలనిపిస్తే వాటికి తగిన రోజు అదే, ఎందుకంటే కొవ్వు కడుపులో ఎక్కువసేపు నిలిచినా ఆ రోజు తొందర లేదు.

ఇంటికి తిరిగి వచ్చాక బరువు తగ్గి కనిపించింది. అది మంచిదేనా?

అందులో కొంత నీరు, కొంత కొవ్వు, కొంత కండ ఉంటాయి. కిందికి దిగిన రెండు మూడు రోజుల్లోనే ఆకలి బాగా తిరిగి వస్తుంది, దానిని అణచకూడదు. మొదటి రెండు వారాలు ప్రతి పూటా పప్పు, గుడ్డు, పెరుగు, చేప వంటివాటిలో ఏదో ఒకటి తప్పకుండా ఉండేలా చూసుకుంటూ, తేలికపాటి తొక్కుడు కొనసాగిస్తే పోయిన కండ తిరిగి వస్తుంది. మూడు వారాలు గడిచినా నీరసం, ఆయాసం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోవాలి.